ఇంజను మరిగినప్పుడు

రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెప్పిన మాట. ఆ కార్తెకు ముందుగా వచ్చే మే నెల ఎండలను పుదుచ్చేరి వాసులు అగ్నినక్షత్రమని పిలుస్తారు. ఆ ఎండల్లో నిజంగానే పగిలే ప్రమాదమున్న వస్తువు ఒకటి మన ఇంటి ముందే నిలిచి ఉంటుంది. అది కారు ఇంజను.

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు వైపున ఉన్న లాస్‌పేటకు, 1765 నుండి 1777 వరకు ఫ్రెంచి గవర్నరుగా ఉన్న ఝాన్ లా పేరు మీదుగా ఆ పేరు వచ్చినదంటారు. విమానాశ్రయం, పాలిటెక్నిక్, టాగూరు ఆర్ట్స్ కళాశాల ఉన్న ఈ పేటకు ఆనుకొనే చెన్నై వైపు వెళ్ళే తూర్పు తీర రహదారి సాగుతుంది. కారు ఇంజనును పరీక్షించే శత్రువులందరూ ఇక్కడ ఒకచోట చేరారు. మండే ఎండ, ఉప్పు కలిసిన సముద్రపు గాలి, ఖనిజ లవణాలతో కూడిన బోరునీరు, కూడళ్ళ వద్ద ఆగి ఆగి కదిలే వాహనాల వరుస. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన మన యానాం నుండి రాజధానికి కారులో రావాలంటే ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. కావున ఇంజను వేడిని గురించి తెలుసుకోవడం ఇక్కడివారికే కాదు, వేసవిలో కారు తీసే ప్రతివారికీ అవసరం.

వేడి ఎటు పోతుంది?

మనం పోసే పెట్రోలులోని శక్తిలో మూడో వంతు కూడా చాలాసార్లు చక్రాలకు చేరదు. మిగిలినదంతా వేడిగా మారుతుంది. అందులో కొంత పొగతో పాటు బయటకు పోగా, మిగిలిన దానిని ఇంజను చుట్టూ తిరిగే నీరు మోసుకుపోయి రేడియేటరులో గాలికి అప్పగిస్తుంది. 1900 నాటి మెర్సిడెస్ కారు కోసం విల్‌హెల్మ్ మేబాఖ్ తేనెపట్టు వంటి రేడియేటరును రూపొందించినప్పటి నుండి ఈ సూత్రం మారలేదు.

ఈ ఏర్పాటులో ముఖ్యమైన అంగాలు ఐదు. నీటిని తిప్పే పంపు, వేడెక్కేవరకు నీటిని ఆపి ఉంచే థర్మోస్టాట్, రేడియేటరు, దానికి గాలి అందించే ఫ్యాను, అన్నిటినీ బిగించి ఉంచే మూత. మూతను చాలామంది చిన్నచూపు చూస్తారు. కాని అది లోపల ఒత్తిడిని నిలుపుతుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. మామూలుగా 100 డిగ్రీల వద్ద మరిగే నీరు, గాలి పీడనం కంటె 0.9 బార్ అధికమైన ఒత్తిడిలో దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. మూతలోని రబ్బరు వాషరు అరిగితే ఈ రక్షణ మొత్తం పోతుంది.

ముల్లు ఎరుపును తాకితే

ఉష్ణోగ్రత చూపే ముల్లు ఎర్ర గీతను తాకినా, ఎర్ర దీపం వెలిగినా, మరో రెండు కిలోమీటర్లు పోతే ఊరు వస్తుంది కదా అని ఆశపడరాదు. అల్యూమినియం వేడికి ఇనుము కంటె దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుచేత అతిగా కాగిన ఇంజనులో సిలిండరు హెడ్ వంగిపోతుంది, దాని కింది గాస్కెట్ పాడవుతుంది, చివరకు పిస్టన్లు పట్టేస్తాయి. వందల రూపాయలతో పోయే పని వేలు, ఒక్కొక్కసారి లక్ష దాటుతుంది.

వెంటనే ఏసీ ఆపండి. రోడ్డు పక్కకు చేరే లోపల హీటరును పూర్తిగా తెరవండి. ఆ ఎండలో ఇది శిక్షలా తోచినా, ఇంజను వేడిలో కొంత భాగం కారు లోపలికి మళ్ళుతుంది. సురక్షితమైన చోట నిలిపి ఇంజను ఆపండి. పిల్లలను, వృద్ధులను నీడకు పంపండి. ఆవిరి తగ్గాక బానెట్ ఎత్తి, కనీసం అరగంట ఆగండి. ఇంజను ఆపిన తరువాత కూడా ఎలక్ట్రిక్ ఫ్యాను తనంతట తాను తిరగవచ్చును కనుక చేతులను దూరంగా ఉంచండి.

వేడిగా ఉన్న రేడియేటరు మూతను ఎట్టి పరిస్థితులలోను తీయరాదు. మూత తీయగానే ఒత్తిడి పోతుంది, అప్పటిదాకా అణగి ఉన్న నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 540 కెలోరీల వేడిని వదులుతుంది. ఆవిరి కాలిన గాయం మరుగునీటి గాయం కంటె తీవ్రంగా ఉండడానికి కారణం ఇదే. చల్లారిన తరువాత మందపాటి గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకొని, మూతను మెల్లగా వదులు చేయండి. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే లోహం బీటలు వారవచ్చును.

ఎప్పుడు కాగుతున్నది?

రోగికి జ్వరం పొద్దున వస్తున్నదా, రాత్రి వస్తున్నదా అని వైద్యుడు అడుగుతాడు. ఇంజనుకూ అదే ప్రశ్న వేయాలి. సగం జబ్బు ఆ జవాబులోనే బయటపడుతుంది.

రాజీవ్ గాంధీ కూడలి వంటి చోట ఆగి ఉన్నప్పుడు ముల్లు పైకెక్కి, రహదారి మీద వేగం అందుకోగానే దిగివస్తున్నదా? ఐతే అనుమానించవలసినది ఫ్యానును. వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే ఫ్యాను పని చేస్తుంది. ఏసీ వేసి చూడండి. చాలా కార్లలో వెంటనే ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ముందుగా ఫ్యూజు, తరువాత రిలే, ఆ తరువాతే మోటారు. పాత కార్లలో ఫ్యాను బెల్ట్ వదులైనదేమో చూడాలి.

ఊరిలో బాగానే ఉండి, చెన్నై దారిలో వేగం పెంచినప్పుడు, లేదా తిరుమల ఘాట్ ఎక్కుతున్నప్పుడు కాగుతున్నదా? అప్పుడు పుట్టే వేడి ఎక్కువ, దానిని మోయవలసిన నీరు చాలడం లేదన్నమాట. రేడియేటరు గొట్టాలు పూడి ఉండవచ్చు, పంపు రెక్కలు అరిగి ఉండవచ్చు, కింది హోస్ పైపు మెత్తబడి పీల్పుకు ముడుచుకొనిపోతూ ఉండవచ్చు.

బయలుదేరిన పది నిమిషాలకే కాగి, రేడియేటరు పై పైపు వేడిగాను, కింది పైపు చల్లగాను ఉంటే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చును. దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. విప్పించి, నీళ్ళ గిన్నెలో దారంతో వేలాడదీసి, థర్మామీటరుతో చూస్తూ కాచండి. దాని మీద ముద్రించిన అంకె, సాధారణంగా 80 నుండి 90 డిగ్రీల మధ్యది, దాటుతుండగా అది తెరుచుకోవడం మొదలుపెట్టాలి. పాడైతే కొత్తది వేయించాలే తప్ప, తీసివేసి నడపడం పరిష్కారం కాదు. ఇంజను ఎప్పటికీ తగిన వేడికి చేరక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

నీరు తరచుగా తగ్గుతున్నదా? రాత్రి కారు కింద అట్ట పరచి, తెల్లవారి రంగు మరకల కోసం వెతకండి. మరకలు లేకుండానే నీరు తగ్గుతూ, సైలెన్సరు నుండి తీపి వాసనతో తెల్లని పొగ వస్తున్నా, ఇంజను ఆయిలు మూత కింద మీగడ వంటి పదార్థం కనబడినా, హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదని అనుమానించాలి. అప్పుడు కారును నడపక, లాగించుకొని మెకానిక్కు వద్దకు తీసుకుపోవడమే మేలు.

బోరునీరు, ఉప్పుగాలి

తీరప్రాంతంలో రేడియేటరుకు రెండు వైపుల నుండి దాడి. బయట ఉప్పుగాలి సన్నని అల్యూమినియం రేకులను తినివేస్తుంది. లోపల బోరునీటిలోని లవణాలు, టీ కాచే గిన్నెకు పట్టినట్లే, గొట్టాలకు పొరగా పట్టుకుంటాయి. ఈ పొర లోహంతో పోలిస్తే వేడిని ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది. కావున దారిలో తప్పనిసరై కుళాయి నీరు పోసినా, ఇల్లు చేరాక దానిని తీయించి, డిస్టిల్డ్ వాటరుతో కడిగించి, కారు పుస్తకంలో చెప్పిన కూలెంటు పోయించండి. చాలా కార్లకు కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం. ఇందులోని గ్లైకాల్ మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, కలిపిన మందులు తుప్పును అరికడతాయి. వేరు వేరు రకాల కూలెంట్లను కలపరాదు. నింపిన తరువాత లోపల గాలి బుడగ మిగిలిపోకుండా చూడమని మెకానిక్కును అడగండి.

ఒక హెచ్చరిక. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని ప్రాణాంతకమైన విషం. పిల్లలు, వీధి కుక్కలు నాకే ప్రమాదం ఉన్నందున తీసిన ద్రవాన్ని పెరట్లోను, మురుగు కాలువలోను పారబోయరాదు. మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీకి అప్పగించండి. తాగునీటి సీసాలో ఎన్నడూ నిల్వ చేయకండి.

రేడియేటరు ముందు పేరుకున్న దుమ్మును, పురుగులను నెలకొకసారి తక్కువ ధార గల నీటితో కడగండి. గట్టి ధార రేకులను వంచివేస్తుంది. చల్లని ఇంజనులో కూలెంటు మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉన్నదో లేదో వారానికొకసారి చూడండి.

చివరగా, మరమ్మతుకు వెళ్ళినప్పుడు చౌక నుండి ఖరీదు వైపు నడవాలన్న నియమం పెట్టుకోండి. మొదట కూలెంటు మట్టం, తరువాత మూత, ఫ్యూజు, బెల్ట్, హోస్ పైపులు, థర్మోస్టాట్, ఆ పైన పంపు, రేడియేటరు. కొత్త రేడియేటరు వేయాలని ఎవరైనా అంటే, పాతది పూడిందని ఎలా తెలిసినదో మర్యాదగా అడగండి. పనితెలిసిన మెకానిక్కు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. బానెట్ ఎత్తి మీకు చూపిస్తాడు. కారణం తెలియకుండా కేవలం నీళ్ళు పోయించుకొని బయలుదేరిన కారు, నీడ కూడా దొరకని ఏ మైలురాయి దగ్గరో మళ్ళీ ఆగుతుంది.