చెరువు గట్టున రెండు రోజులు

ఇటలీలో ఏదో సముద్రపు ఒడ్డు పల్లెలో సెలవులు గడిపిన మా చెల్లెలు ఫొటోలు పంపింది. "మనకెప్పుడు రాసిపెట్టి ఉందో!" అని నిట్టూర్చాను. "శామీర్‌పేట చెరువు లేదా ఏంది?" అన్నారు మావారు. అత్తమ్మ పుట్టిల్లు అక్కడే. సికింద్రాబాదు నుంచి కరీంనగర్ రోడ్డు మీద సుమారు 25 కిలోమీటర్లు. శనివారమే బయల్దేరాం.

నిజాంల కాలం నాటి చెరువు. దగ్గర్లోనే జవహర్ జింకల పార్కు. పిల్లలకి పండగే! నేను మాత్రం అలవాటు కొద్దీ పొయ్యి దగ్గరికే నడిచాను. అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నీళ్ళు చూడనీకి వచ్చినవా, నీళ్ళు కాగబెట్టనీకి వచ్చినవా బిడ్డా?"

సాయంత్రం ఇద్దరం గట్టున కూర్చున్నాం. "చిన్నప్పుడు రోజూ చూసేవారు కదా?" అన్నాను. "ఏం చూసుడు? బట్టలు పిండుకుంట వంచిన తల ఎత్తింది లేదు. ఇయ్యాల్నే చూస్తున్న" అంది. నాకు మాట రాలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం.

మీరూ వెళ్తారా? పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి, ఒక్క చెంచా పెరుగు కలపండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుంటుంది, పులవదు. పిల్లల్ని మాత్రం నీళ్ళలోకి దిగనివ్వకండి, చెరువు లోతు పైకి తెలీదు. అన్నట్టు, మీ అత్తగారినీ తీసుకెళ్ళండి. పనేమీ చెప్పకుండా కాసేపు పక్కన కూర్చోబెట్టుకోండి.