పేతురు వచ్చాడు, యాకోబు రాలేదు



అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయాన్ని మనం ఎక్కువగా పేతురు కోసమే చదువుతాం. సంకెళ్లు ఊడిపోవడం, ఇనుప గవిని దానంతట అదే తెరుచుకోవడం, రొదే అనే చిన్నది సంతోషం పట్టలేక తలుపు తీయడమే మరచి లోపలికి పరుగెత్తడం. ఉపవాస కూడికల్లో ఈ భాగం ఎన్నిసార్లు విన్నామో! అదే అధ్యాయం 2వ వచనం దగ్గర మాత్రం మనం ఆగము. యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. అంతే, ఒక్క వచనం. దూత రాలేదు, గవిని తెరుచుకోలేదు.

ఈ యాకోబు మొదట్లోనే వలలు విడిచి వెంబడించినవాడు. యాయీరు ఇంట్లోకి, రూపాంతరపు కొండ మీదికి, గెత్సేమనే తోట లోపలికి ప్రభువు వెంట తీసుకెళ్లిన ముగ్గురిలో ఒకడు. ఆ ముగ్గురిలో పేతురూ ఉన్నాడు. ఒకరికి విడుదల, ఒకరికి కత్తి. ఎందుకు? పేతురుకు ఎంతమంది సైనికులు కాపలా ఉన్నారో నాలుగు నాలుగులుగా లెక్క రాసిన లూకా, ఈ కారణం రాయలేదు.

కొందరు బోధకులు తామే రాసేస్తారు. సంఘం పేతురు కోసం ప్రార్థించింది, యాకోబు కోసం ప్రార్థించలేదు, అందుకే పోయాడట. మేము దీన్ని ఒప్పుకోము. ఆ మాట వాక్యంలో లేదు. పైగా అది వినేవాళ్లలో భర్తను పోగొట్టుకున్న సహోదరి ఉంటుంది, ఆసుపత్రి వరండాలో రాత్రంతా మోకాళ్ల మీద ఉన్న తల్లి ఉంటుంది. ‘ఇంకాస్త గట్టిగా ప్రార్థించి ఉంటే’ అనే ముల్లు వాళ్ల గుండెల్లో దించే హక్కు మనకెవరిచ్చారు?

2021లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడినప్పుడూ ఇలాంటి మాటలే విన్నాం. విశ్వాసి చేనా, అన్యుడి చేనా అని అది చూడలేదు. పూత రాలిపోయింది, పెట్టుబడి మట్టిలో కలిసింది. అప్పుల్లో కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్లి, దశమభాగం ఎగ్గొట్టావేమో చూసుకో అన్నవాళ్లు మనలోనే ఉన్నారు. (మందు కొడితే విశ్వాసం లేనట్టే అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి మరోసారి.) యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుడు కోపగించుకున్నది వాళ్ల మీద, ప్రశ్నలు అడిగిన యోబు మీద కాదు. ఆ యోబుకైనా, పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ ఎవరైనా చెప్పినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు. మనకు తెలిసినంత కూడా అతనికి తెలియకుండానే దేవుణ్ణి పట్టుకున్నాడు.

మళ్లీ యెరూషలేముకు వద్దాం. పేతురు చెరలో ఉన్న ఆ రాత్రి మార్కు తల్లియైన మరియ ఇంట్లో అనేకులు కూడి ప్రార్థిస్తున్నారు. యాకోబు చనిపోయి ఎంతో కాలం కాలేదు. ఆ దుఃఖం ఆ ఇంట్లోనే ఉంది. దానికి జవాబు దొరకలేదు, అయినా మళ్లీ అదే దేవుని దగ్గరికి వచ్చారు. పేతురు తలుపు దగ్గర ఉన్నాడంటే, నీకు పిచ్చిపట్టిందని రొదేతో అన్నారు. జరుగుతుందన్న ధీమా వాళ్లకేమీ లేదన్నమాట! మాకు ఆ సంఘం అందుకే దగ్గరగా అనిపిస్తుంది.

ఈ వారం మన ఊళ్లో దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లేవాళ్లు అన్నం వండుకుని వెళ్లండి. పక్కన కూర్చోండి. ‘ఎందుకిలా జరిగింది అయ్యగారూ’ అని వాళ్లు అడిగితే, తెలియదమ్మా అనండి. ఆదివారం ఆరాధనలో 88వ కీర్తన చదువుదాం. అది చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది, కోరహు కుమారులు దాన్ని అలాగే పాడుకున్నారు. మనమూ చివర వేరే వచనమేదీ కలపకుండా అక్కడే ఆపుదాం.