బ్లాడర్ లీకైతే పారేయాలా?

"అమ్మా, నా బ్లాడర్ లీకవుతోంది" అని ఫోన్‌లో చెప్పగానే అటువైపు రెండు సెకన్లు సైలెన్స్. తర్వాత కంగారుగా, "డాక్టర్‌కి చూపించుకున్నావా నాన్నా?" అని అడిగింది. అది నా ఒంట్లోది కాదు, ట్రెక్కింగ్ బ్యాగులో నీళ్లు పోసుకునే ప్లాస్టిక్ సంచి అని చెప్పి నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అర్థమయ్యాక అమ్మ ఒకే మాట అంది: "మరి అతికించుకోకూడదా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అప్పటికే కొత్తది కార్ట్‌లో పెట్టేశాను.

జరిగిందేంటంటే, మేం ముగ్గురం షేక్‌పేటలో రూమ్ తీసుకుని ఉంటున్నాం. ఆదివారాలు తెల్లారగట్ల ఖాజాగూడ గుట్టలెక్కడం అలవాటు. ఏప్రిల్‌లో ఒక ఆదివారం లేటుగా లేచాం. నా బ్యాగులో రెండు లీటర్ల నీళ్లున్నాయి కదా అని మిగతావాళ్లు ఒక్క చిన్న బాటిల్ తెచ్చారు. ఎక్కుతుంటే వీపంతా తడి. చెమట అనుకున్నా. తొమ్మిదిన్నరకి ట్యూబ్ నోట్లో పెట్టుకుని పీలిస్తే గాలి వచ్చింది. ఆ బండల మీద నీడ ఉండదు. మాలో ఒకడికి కళ్లు తిరిగి కూలబడిపోయాడు. ఉన్న కాసిని నీళ్లు వాడికి తాగించి, మెల్లగా దింపి, కింద కొబ్బరి బోండాం పట్టిస్తే తేరుకున్నాడు. దిగేదాకా నాకు గుండె గొంతులోనే ఉంది.

అందుకే ఫ్రెండ్స్, "రిస్క్ ఎందుకురా, కొత్తది కొను" అన్నారు. వినడానికి కరెక్ట్‌గానే ఉంది. కానీ పాతది ఎక్కడ కారిందో, ఎందుకు కారిందో తెలియకుండా కొత్తది కొంటే సేఫ్ ఎలా అవుతుంది? ప్రోగ్రామ్‌లో మెమరీ లీక్ ఉంటే రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగానే నడుస్తుంది. లీక్ మాత్రం అక్కడే ఉంటుంది. కొత్తది ఆర్డర్ పెట్టడం కూడా రీస్టార్ట్ లాంటిదే అని నా అభిప్రాయం.

కార్ట్ పక్కన పెట్టి, సంచి పట్టుకుని మా గల్లీ చివర పంక్చర్ షాపు చాచా దగ్గరికెళ్లాను. ఆయన మూత బిగించి, ట్యూబ్‌లోంచి గాలి ఊది, ట్యూబ్ మడిచి పట్టుకుని, సంచిని నీళ్ల తొట్టిలో ముంచాడు. రెండు చోట్ల బుడగలొచ్చాయి. ఒకటి ట్యూబ్ సంచికి తగిలే జాయింట్ దగ్గర. రెండోది మడత పడే మూలలో, సూదిమొనంత చిల్లు. "ఇక్కడ సొల్యూషన్ పెట్టండి చాచా" అంటే తల అడ్డంగా ఊపాడు. "ఇది రబ్బర్ ట్యూబ్‌కి బేటా. నీది ప్లాస్టిక్. రెండు రోజుల్లో ఊడొస్తది." డబ్బులు కూడా తీసుకోలేదు.

చాచా చెప్పింది నిజం. ఈ సంచులు ఎక్కువగా టీపీయూ అనే సాగే ప్లాస్టిక్‌తో చేస్తారు. నేను ముందు ఫెవిక్విక్ పూశాను. అది గట్టిపడి, సంచి వంగగానే పగిలింది. ఎం-సీల్ కూడా అంతే, గట్టిపడేది ఏదైనా సాగే వస్తువు మీద నిలవదు. చివరికి చిల్లు చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, సాగే గుణమున్న పాలీయురేథేన్ జిగురు బయటివైపు మాత్రమే రాసి, ఒక రోజంతా కదపకుండా ఉంచాను. తాగే నీళ్లు కాబట్టి లోపలివైపు రాయకూడదు. జాయింట్‌లో ఉన్న చిన్న రబ్బరు రింగు నలిగిపోయింది. దాన్ని చేత్తో పట్టుకెళ్లి హార్డ్‌వేర్ షాపులో అదే సైజుది వెతికి తెచ్చాను. తర్వాత సంచి నింపి, కింద న్యూస్‌పేపర్ పరిచి, పైన రెండు పుస్తకాలు బరువు పెట్టి పడుకున్నా. పొద్దున పేపర్ పొడిగా ఉంది.

అన్నీ బాగవుతాయని అబద్ధం చెప్పను. అంచు అతుకు పొడవునా విడిపోతే జిగురు నిలవదు, పారేయాల్సిందే. నోట్లో పెట్టుకునే సిలికాన్ వాల్వ్ చిరిగితే మార్చాల్సిందే. కానీ ఒక్క రింగు కోసం మొత్తం సంచి కొనడం మాత్రం అన్యాయం.

ఇక్కడే కంపెనీల మీద నా కంప్లైంట్. రింగు, వాల్వ్ విడిగా అమ్మాలి. సంచి దేనితో చేశారో దాని మీదే ప్రింట్ చేయాలి. 2022లో మన కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసినప్పుడు ఫోన్లు, బండ్లు, ఇంట్లో వాడే మెషిన్లు, వ్యవసాయ పరికరాల గురించి మాట్లాడారు. మంచిదే. ఇలాంటి చిన్న వస్తువుల్ని ఎవరూ పట్టించుకోరు. ప్లాస్టిక్ చెత్తలో చేరేవి మాత్రం ఇవే.

తమాషా ఏంటంటే, ఈ వస్తువు పుట్టిందే అతుకులతో. 1980ల చివర్లో అమెరికాలోని టెక్సాస్‌లో, మండుటెండలో జరిగే ఒక సైకిల్ రేసు కోసం మైకేల్ ఐడ్సన్ అనే ఆయన సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని సాక్స్‌లో దూర్చి వీపుకి తగిలించుకున్నాడు. అదే తర్వాత క్యామెల్‌బ్యాక్ అయింది. ఇంకా వెనక్కి వెళ్తే, కుతుబ్‌షాహీల కాలంలో బాటసారుల కోసం కట్టిన సరాయి మా షేక్‌పేటలోనే ఉంది. ఆ రోజుల్లో భిష్తీలు తోలుతిత్తుల్లో నీళ్లు మోసేవాళ్లు. తిత్తి చిరిగితే కుట్టించుకోవడమే, కార్ట్ ఎక్కడిది?

మన హాస్టల్లో ఒక అర ఖాళీ చేసి జిగురు, స్పిరిట్, రకరకాల రింగులు, ఒక బకెట్ పెడదాం అని నా ప్రపోజల్. హ్యాకథాన్‌కి పెట్టే ఖర్చులో అదెంత? కోడ్‌లో బగ్ వెతకడానికి రాత్రంతా కూర్చునే మనం, చేతిలో ఉన్న వస్తువులో చిల్లు వెతకడానికి పది నిమిషాలు కూర్చోలేమా?

పోయిన ఆదివారం మళ్లీ ఖాజాగూడ ఎక్కాం. వీపు తడిసింది, ఈసారి నిజంగా చెమటే. అయినా ముగ్గురం ఎవరి బాటిల్ వాళ్లం తెచ్చుకున్నాం. ఆ భయం ఉండాలి.

కిందికొచ్చాక అమ్మకి ఫోన్ చేసి, "బ్లాడర్ నయమైంది" అన్నా. "నేను చెప్పలా?" అంది.