సీసం జాడ తీయాలంటే సూది ఒక్కటే చాలదు

2020 డిసెంబరు మొదటి వారాంతంలో ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. చిన్నా పెద్దా తేడా లేదు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య ఆరొందలకు చేరువైంది. నీళ్లు, పాలు, కూరగాయలు, అన్నీ పరీక్షకు వెళ్లాయి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ నుంచి కబురు రాగానే రాష్ట్రమంతా సీసం గురించే మాట్లాడింది. కొద్ది రోజులకే ఎయిమ్స్ నిపుణులు, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చన్నారు. దాంతో సీసం ఊసు సద్దుమణిగింది.

నిజానికి సద్దుమణగాల్సిన ఊసు కాదది. ఆ రక్తంలో కనిపించిన సీసం ఆ వారం ఒంట్లోకి వచ్చిందా, ఏళ్ల తరబడి ఉన్నదేనా? తేల్చుకోవడానికి ఏలూరు పిల్లల పాత కొలతలు ఎవరి ముందూ లేవు. మామూలు రోజుల్లో కొలవని దాన్ని కల్లోలంలో కొలిస్తే, వచ్చిన అంకెకు అర్థం చెప్పేవాళ్లుండరు. సీసం కోసం పిల్లల రక్తపరీక్షలు అనగానే ఖర్చు దండగ అనేవాళ్లు ముందు ఆ డిసెంబరును గుర్తు చేసుకోవాలి.

ఈ చర్చ అత్యవసరంగా జరగాల్సిన చోట్లలో తమిళనాడు దక్షిణాన ఉన్న నల్లరేగడి సీమ ఒకటి. తూత్తుకుడి జిల్లాలో కోవిల్‌పట్టి, దానికి ఆనుకుని విరుదునగర్ జిల్లా. అందులో శివకాశి, సాత్తూరు, అరుప్పుకోట, రాజపాళయం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ వేలల్లో ఉన్నాయి: కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకర్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలసల కథనే ‘గోపల్ల గ్రామం’గా రాశారు. వాన అంతంత మాత్రం, సేద్యం గాలిలో దీపం. అందుకే దాదాపు వందేళ్లుగా ఈ సీమ అగ్గిపెట్టె, బాణసంచా, అచ్చు పనుల మీద బతుకుతోంది.

అగ్గిపుల్ల తలకు అంటించే మందులో ఇప్పుడు ముఖ్యంగా ఉండేది పొటాషియం క్లోరేటు, గంధకం, జిగురు, గాజుపొడి. సీసానికి అందులో పెద్దగా పని లేదు. బాణసంచా సంగతి వేరు. ఆకాశంలో చిటపటలాడుతూ రాలే చుక్కల కోసం ఎర్ర సీసం వాడేవారు. 2017 జూలై 31న అర్జున్ గోపాల్ కేసులో సుప్రీంకోర్టు సీసం, ఆర్సెనిక్, పాదరసం, యాంటిమొనీ, లిథియం ఏ రూపంలోనూ టపాకాయల్లో ఉండరాదని ఆదేశించింది. అమలు చూడాల్సిన పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసోకు శివకాశిలోనే కార్యాలయం ఉంది. లైసెన్సున్న కర్మాగారం లెక్కలు దాని కాగితాల్లో దొరుకుతాయి. అనుమతి లేని షెడ్డులో దొంగచాటుగా కలిపే మందులో ఏముందో ఏ కాగితమూ చెప్పదు.

1996లో ఎం.సి. మెహతా కేసు తీర్పు ఇదే శివకాశి పిల్లల గురించి వచ్చింది. ఒక్కో బాలకార్మికుడికి యజమాని 20,000 రూపాయలు సంక్షేమ నిధికి కట్టాలని కోర్టు చెప్పింది. ఆ తర్వాత కర్మాగారాల్లో పిల్లలు బాగా తగ్గారు. దుమ్ము మాత్రం ఇంటికి వస్తూనే ఉంటుంది. పని దిగి వచ్చిన తల్లి చీర మార్చుకోకముందే చంటిబిడ్డ వచ్చి కాళ్లకు చుట్టుకుంటుంది. ఆ చీరకు అంటిన పొడిలో సీసం ఉందో లేదో చెప్పాలంటే ఎవరో ఒకరు కొలవాలి.

ఇంతవరకూ చదివినవాళ్లు దోషి దొరికాడనుకుంటే తొందరపాటే. నా అనుమానం టపాకాయల షెడ్డు కన్నా వంటింటి మీదే ఎక్కువ. తమిళ ఇళ్లలో రసం కాచే ఈయం చెంబునే చూడండి. ఖాళీ చెంబు పొయ్యి మీద పెడితే కరిగి కారిపోతుంది కాబట్టి ముందు రసం పోసి, ఆ తర్వాతే సన్న సెగ మీద ఎక్కిస్తారు. అది అచ్చమైన తగరంతో చేయాల్సిన పాత్ర. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ మెత్తనివి, రెండూ తెల్లగానే మెరుస్తాయి. కలిపితే కొనేవాడి కంటికి తెలియదు. చింతపండు పులుపు, మరిగే వేడి కలిస్తే ఆ సీసం రసంలోకి దిగుతుంది. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు వేయించే కళాయిలోనూ ఇదే మోసానికి చోటుంది. పాత లోహపు తుక్కు కరిగించి పోసే అల్యూమినియం గిన్నెలు మరో దారి. ఇండాలియం తదితర పేర్లతో భారత్ నుంచి వచ్చిన కొన్ని వంటపాత్రల నుంచి సీసం ఆహారంలోకి చేరుతోందని 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. అక్కడి తెలుగువాళ్లు గిన్నెలు పారేశారేమో గానీ ఇక్కడి సంతల్లో బేరం ఆగిన దాఖలాల్లేవు.

పసుపు ఇంకొకటి. రంగు తేలడానికి లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు పట్నా, గువాహటి బజార్లలో దొరికిందని 2024లో వచ్చిన దక్షిణాసియా అధ్యయనం చెప్పింది. కొన్ని నమూనాల్లో సీసం గ్రాముకు వెయ్యి మైక్రోగ్రాములు దాటింది. తమిళనాడుకు ఈరోడ్, మనకు దుగ్గిరాల ఉన్నాయి కదా అని ధీమా పడొచ్చు. పొడి పొట్లంలో ఏ ఊరి కొమ్ము ఉందో ఎవరికి ఎరుక? ఇవి కాక గోడలకు పాత పెయింటు, ఊరి చివర పగలగొట్టే ఇన్వర్టర్ బ్యాటరీలు, కల్తీ సింధూరం, సుర్మా. దీపం మసితో ఇంట్లో పట్టిన కాటుకకు ఈ దోషం లేదు.

సీసం అందరికీ విషమే అయినా పసిపిల్లలకు మరీ ఎక్కువ. పెద్దవాళ్ల పేగు మింగిన సీసంలో పదో వంతు పీల్చుకుంటే, చంటిబిడ్డ పేగు సగం దాకా పీల్చుకుంటుంది. ఒంట్లో ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ, ఎందుకంటే రెండూ పేగులో ఒకే దారిన వెళ్తాయి. తమిళనాడులో ఆరు నెలలు నిండిన అయిదేళ్లలోపు పిల్లల్లో 57.4 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఖాళీ కడుపున సీసం మరింతగా ఒంటబడుతుంది. ఆ లెక్కన 2022లో మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం ఆకలి తీర్చడంతో పాటు, ఎవరూ అనుకోకుండానే, బడి పిల్లల్ని కొంత కాపాడుతూ ఉండొచ్చు. బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు ఆ అండా లేదు.

దేశంలో లెక్కలు అసలే లేవా అంటే ఉన్నాయి. 1999లో జార్జ్ ఫౌండేషన్ చెన్నై, హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో పరీక్షలు చేయిస్తే, పన్నెండేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా అప్పటి హద్దును, అంటే డెసిలీటరు రక్తానికి పది మైక్రోగ్రాములను, దాటారు. మరుసటి ఏడు సీసం పెట్రోలు పోయింది. అయినా తర్వాత చెన్నైలో మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు 756 మందిని చూస్తే సగటు 11.4 తేలింది. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక అయిదు మైక్రోగ్రాములు దాటిన భారతీయ బాలలు దాదాపు 27.5 కోట్లని అంచనా కట్టింది. 2022లో నీతి ఆయోగ్ 23 రాష్ట్రాల సగటు అయిదుకు పైనే ఉందంది. పెద్ద పెద్ద అంకెలే. వాటిలో కోవిల్‌పట్టి లాంటి చిన్న ఊరి బిడ్డ ఎక్కడున్నాడో వెతకబోతే దొరకడు. 2015లో నూడుల్స్ పొట్లంలో సీసం ఉందంటే దేశం అట్టుడికిపోయింది. పిల్లల రక్తంలో ఉందన్న ఈ నివేదికలకు అందులో పదో వంతు గోల కూడా లేకపోయింది.

ఇక పరీక్షల సంగతి. వీటికి వ్యతిరేకంగా గట్టి వాదనే ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. లక్షణాల్లేని పిల్లలందరికీ సీసం పరీక్ష చేయాలా వద్దా అని చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికాలో నివారణ వైద్య నిపుణుల బృందం 2019లో తేల్చింది. అంతకుముందు 2001లో అక్కడే 780 మంది పిల్లలతో జరిగిన ప్రయోగం ఫలితాలు వచ్చాయి. మందు వాడితే రక్తంలో సీసం తగ్గింది గానీ తెలివితేటల పరీక్షల్లో మార్పు రాలేదు. 45 మైక్రోగ్రాములు దాటిన పిల్లలకు మందు కావాల్సిందే. ఎక్కువమంది ఉండేది అంతకు చాలా దిగువన. వాళ్లకు డాక్టరు రాసివ్వగల మాత్ర లేదు. సీసం వస్తున్న దారి మూయడం ఒక్కటే వైద్యం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అయిదు దాటితే ఆ దారి కనిపెట్టి మూయాలనే చెప్పింది.

అందుకే క్యాంపు పెట్టి, వేలు పొడిచి, తల్లి చేతికి చీటీ ఇచ్చి జీపెక్కే తరహా పరీక్షలకు నేను వ్యతిరేకం. ‘మీ బిడ్డకు సీసం ఎక్కువ’ అని విన్న అగ్గిపెట్టెల కార్మికురాలు ఏం చేయాలి? పని మానాలా, గిన్నెలు మార్చాలా, ఊరొదలాలా? కారణం చెప్పని పరీక్ష భారమంతా ఆమె నెత్తినే పెడుతుంది.

ముందు నమూనా సర్వే చాలు. 2018లో జార్జియా దేశం పిల్లల సర్వేలో రక్తంలో సీసం కొలతను కూడా చేర్చింది. రెండు నుంచి ఏడేళ్ల వాళ్లలో 41 శాతం మంది అయిదు దాటారని తెలిసింది. ఆ తర్వాత ఇళ్లు తిరిగితే సుగంధ ద్రవ్యాలు పట్టుబడ్డాయి. బంగ్లాదేశ్ మరో కొస నుంచి వచ్చింది: గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడిదని వెంటబడిన పరిశోధకులు పసుపు దగ్గర తేలారు. ప్రభుత్వం మిల్లుల మీద దాడులు చేసి, శిక్షలు వేసి, ప్రచారం చేసింది. 2019లో బజారు పసుపు నమూనాల్లో 47 శాతం కల్తీవి కాగా 2021 నాటికి ఒక్కటీ లేదు. రెండు చోట్లా రక్తంలో దొరికిన అంకెను పట్టుకుని ఎవరో బజారు దాకా నడిచారు.

కోవిల్‌పట్టి, విరుదునగర్‌లలో ఇది ఎలా జరగాలన్నదీ ఆలోచించాల్సిందే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి సర్కారు బడులకు వెళ్తాయి. కానీ సీసం ఎక్కువగా కనిపించేది నేల మీద పాకి, దొరికింది నోట్లో పెట్టుకునే ఏడాది, రెండేళ్ల పిల్లల్లో. పదహారు నెలలు దాటాక తట్టు టీకా రెండో మోతాదుకు తల్లి ఎలాగూ బిడ్డను ఎత్తుకొస్తుంది. పరీక్షకు అంతకన్నా మంచి అదను లేదు.

చేత్తో మోసుకెళ్లగల లెడ్‌కేర్ పరికరం రెండు చుక్కల రక్తంతో మూడు నిమిషాల్లో అంకె చెబుతుంది. అయితే దాని వ్యవహారం సుకుమారం. బిడ్డ వేలి మీది దుమ్ములో సీసం ఉంటే అదే చుక్కలో కలిసి అంకె ఎగబాకుతుంది. సబ్బుతో చెయ్యి కడిగి, ఆరనిచ్చి, స్పిరిట్‌తో తుడిచి, మొదటి చుక్క వదిలేసి తర్వాతిది తీయాలి. కడిగే నర్సమ్మ చేతులూ శుభ్రంగా ఉండాలి. ఎక్కువ వచ్చిన పిల్లలకు నరం నుంచి రక్తం తీసి పెద్ద ప్రయోగశాలలో ఖాయం చేసుకోవాలి. 36 డిగ్రీలు దాటిన వేడిలో ఆ పరికరం నమ్మదగ్గది కాదు. మే నెలలో ఈ సీమలో చెట్టు నీడ కూడా అంతకన్నా వేడి. తక్కువ అంకెలు చూపుతున్నాయని 2021లో అమెరికాలో వీటి కిట్లను వెనక్కి పిలిచారు కూడా. ఇంకో మెలిక: రక్తంలోని సీసం నెల రోజుల్లో సగానికి తగ్గి, కొంత ఎముకల్లో దాక్కుంటుంది. దీపావళి ముందు పని ముమ్మరంగా ఉన్నప్పుడు తీసిన రక్తం, పండగయ్యాక షెడ్లు మూతబడ్డప్పుడు తీసిన రక్తం ఒకే మాట చెప్పవు. రెండు కాలాల్లోనూ కొలిస్తేనే పాపం షెడ్డుదో, వంటింటిదో విడదీయగలం.

రక్తం తీయడం ఇందులో తేలిక భాగం. అయిదు దాటిన ఇంట్లో గిన్నెలు, పసుపు, గోడ రంగు, గడప దుమ్ము పరీక్షించడానికి లోహాలను పసిగట్టే ఎక్స్‌రే యంత్రం పట్టుకుని ఎవరు వెళ్లాలి? రక్తం ఆరోగ్య శాఖది. పసుపు ఆహార భద్రత అధికారిది. బ్యాటరీల పొగ కాలుష్య నియంత్రణ మండలిది. టపాకాయల మందు పెసోది. పెయింటులో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016 నాటి నిబంధనలున్నాయి. ఊళ్లో రంగుల దుకాణంలో డబ్బా తెరిచి చూసేవాళ్లు అరుదు. ఈయం చెంబు ఎవరిదో నాకు తెలిసి ఎవరూ తమదని చెప్పరు.

వీళ్లందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టగలిగింది జిల్లా కలెక్టరు ఒక్కరే. విరుదునగర్ 2018 నుంచి నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల జాబితాలో ఉంది. పిల్లల పోషణ, బడి చదువు అక్కడ కొలతల్లోకి వస్తాయి. ఆ రెంటినీ దెబ్బతీసే సీసానికి మాత్రం అందులో గడి లేదు. 2022లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాల విరుదునగర్‌లోనే ఉంది, నమూనాలు ఖాయం చేసే పని దానికి అప్పగించవచ్చు. కోవిల్‌పట్టి మరో జిల్లాలో ఉండటం వల్ల ఇద్దరు కలెక్టర్లు కలిసి పని చేయాల్సి వస్తుంది. సాత్తూరు సంతలో కొన్న గిన్నె కోవిల్‌పట్టిలో పొయ్యెక్కుతుంది కాబట్టి అది తప్పదు. పరికరాలకు టెండరు పిలవకముందే ఆ ఇద్దరి నుంచి ఒక ఉత్తర్వు రావాలి: అయిదు దాటిన బిడ్డ ఇంటికి ఎన్ని రోజుల్లో ఏ అధికారి వెళ్లాలో, విషం తేలిన సరుకును బజారు నుంచి ఎవరు తీయించాలో, పాడైన గిన్నెకు బదులు ఆ ఇంటికి కొత్తది ఏ పద్దు కింద ఇవ్వాలో, హోదాలతో సహా రాసి.