అన్ని ఏఐలూ ఒక్కటి కావు!

మొన్నామధ్య తెల్లవారుజామున మా క్యాజువాలిటీకి ఒక రిటైర్డ్ టీచర్‌ను తీసుకొచ్చారు. వయసు అరవై దాటింది. పదేళ్లుగా షుగర్ ఉంది. రాత్రి భోజనం చేశాక ఛాతీలో మంట మొదలైందట. కొడుకు ఫోన్‌లో ఏఐ చాట్‌బాట్‌ను అడిగాడు. ‘తిన్నాక మంట అంటే ఎసిడిటీ కావచ్చు’ అని జవాబొచ్చింది. గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టారు. మా దగ్గరికి వచ్చేసరికి ఏడు గంటలు గడిచిపోయాయి. ఈసీజీ తీస్తే గుండెపోటు! ప్రాణం దక్కింది గానీ గుండె కండరం కొంత దెబ్బతింది.

‘సార్, ఏఐ డాక్టర్ల కంటే బాగా జబ్బులు పట్టేస్తోందని పేపర్లో చదివాను. మరి ఇలా ఎందుకైంది?’ అని అడిగాడా అబ్బాయి. అతను చదివింది అబద్ధమేమీ కాదు. కాకపోతే పేపర్లో చదివిన ఏఐ వేరు, ఫోన్‌లో అడిగిన ఏఐ వేరు. వైద్యంలో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, నియమాలతో నడిచేది. ‘ఇలా ఉంటే ఇది, అలా ఉంటే అది’ అని నిపుణులు రాసిపెట్టిన సూత్రాల ప్రకారం పనిచేస్తుంది. 1970లలోనే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో రక్తంలో ఇన్ఫెక్షన్లకు యాంటీబయాటిక్స్ సూచించే ‘మైసిన్’ అనే ప్రోగ్రామ్ తయారైంది. చాలా ఈసీజీ మిషన్లు కాగితం మీద తామే ఫలితం అచ్చువేసేది కూడా ఇలాంటి సూత్రాలతోనే. ‘అబ్‌నార్మల్’ అని చూసి కంగారుపడొద్దు, ‘నార్మల్’ అని చూసి ధీమాగా ఉండొద్దు. డాక్టర్ చూసి చెప్పాల్సిందే.

రెండోది, ఉదాహరణలు చూసి నేర్చుకునేది. వేలు, లక్షల ఫొటోలు చూపించి జబ్బును గుర్తుపట్టడం నేర్పుతారు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతినడాన్ని పట్టుకునే ఇలాంటి పరికరానికి 2018లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ ఆనవాళ్లు వెతికేందుకు ఈ రకం సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. పదిహేనేళ్లు, ఆపైన వయసున్న వారికే అది వర్తిస్తుంది. ఇది నేర్చుకున్న పనిలో దిట్ట, మిగతా వాటిలో అమాయకురాలు. రెటీనాను చదివే ఏఐకి మీ ఛాతీ నొప్పి గురించి ఏమీ తెలియదు.

మూడోది, మాటలు అల్లేది. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ ఈ రకమే. అపారమైన రాతలు చదివి, ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేస్తూ జవాబు అల్లుతుంది. తప్పు చెప్పినా తడబాటు ఉండదు. అదే ప్రమాదం. 2025లో అమెరికా వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. ఉప్పు మానేయాలనుకున్న 60 ఏళ్ల వ్యక్తి చాట్‌బాట్‌ను సంప్రదించాక, ఉప్పుకు బదులు సోడియం బ్రోమైడ్‌ను మూడు నెలలు వాడాడు. చివరికి భ్రమలు, అనుమానాలతో ఆసుపత్రి పాలయ్యాడు.

మా టీచర్ గారి విషయమూ అంతే. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి నొప్పి లేకుండా, మంటలాగో ఆయాసంలాగో వస్తుంది. ఆ రాత్రి ఆయనకు చెమటలు పట్టాయి. షుగర్ సంగతి, చెమటల సంగతి అబ్బాయి టైప్ చేయలేదు. చాట్‌బాట్ అడగలేదు. ఏ డాక్టరైనా ముందు అడిగేవి అవే.

అలాగని ఫోన్ పట్టుకోవద్దని నేననను. మా ఓపీలో ఒక్కో రోగికి దక్కేది రెండు మూడు నిమిషాలే. ఇంటికెళ్లాక సందేహం వస్తే జనం ఎవరిని అడుగుతారు? ఆ లోటు మాది. రిపోర్టులో అర్థంకాని మాటకు వివరణ, డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నల జాబితా... ఇలాంటి వాటికి చాట్‌బాట్‌ను నిక్షేపంగా వాడుకోండి. మందు మొదలుపెట్టడానికి, ఆపడానికి, డోసు మార్చడానికి మాత్రం వద్దు.

ప్రభుత్వాలకూ ఒక మాట. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో రెటీనా ఏఐని వాడి చూస్తే, వెలుతురు సరిగా లేకపోవడం వంటి కారణాలతో ఐదో వంతు ఫొటోలను అది తిరస్కరించింది. కాబట్టి ఏ ఏఐని కొన్నా, మన రోగుల మీద, మన ఆసుపత్రుల్లో పరీక్షించారా, పొరపాటు జరిగితే జవాబుదారీ ఎవరు అని ముందే అడగాలి.

ఛాతీలో నొప్పి, మంట, చెమటలు, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలూచేయీ పడిపోవడం... వీటిలో ఏది కనిపించినా ఏ రకం ఏఐనీ అడగొద్దు. అదే ఫోన్‌లో 108 నొక్కండి.