కొన్నదెల్ల కోరినదేనా?

సంతలో రైతు కొన్న సరకును చూచి, “అతడు కోరినది యిదియే” అని నిర్ణయించుట న్యాయమా? ఈ ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినదని మన సంఘ సభ్యులు తలపరాదు.

అర్థశాస్త్రమున కొనుగోలుదారుని గూర్చిన సిద్ధాంతము కొన్ని ఊహలపై నిలిచియున్నది. ఏ రెండు వస్తువులను చూపినను ఏది మేలో అతడు చెప్పగలడనుట మొదటిది. జొన్నలకన్న వరి, రాగులకన్న జొన్నలు మేలనువాడు రాగులకన్న వరియే మేలని చెప్పుననుట రెండవది. కొంచెముకన్న హెచ్చు మేలనుట మూడవది. ఒకే వస్తువు చేతికి వచ్చినకొలది దానివలని అదనపు తృప్తి తగ్గుననుట నాలుగవది. ఎండనపడి వచ్చినవానికి మొదటి ముంత మజ్జిగ అమృతము, రెండవదానియం దంత రుచి లేదు. 1871లో ఇంగ్లండున జెవన్సు, ఆస్ట్రియాలో మెంగరు ఈ త్రోవ వేసిరి. 1890లో మార్షలు దానిని విస్తరించెను. 1938లో అమెరికా పండితుడగు సామ్యూల్సన్, మనసులోని తృప్తిని కొలువనక్కరలేదనియు, మనుష్యుడు కొన్నదియే అతని కోర్కెను తెలుపుననియు ప్రతిపాదించెను.

ఈ ఊహలు నిరర్థకములని మేమనము. ధర పెరిగిన కొనుగోలు తగ్గుట మొదలగు విషయములను ఇవి చక్కగా విశదపరచుచున్నవి. కాని వీనియందు ఇంకొక ఊహ దాగియున్నది: ఎంచుకొనువాని బుద్ధి అన్ని వేళలను ఒక్క తీరున నుండుననునదియే. రైతు విషయమున ఇది నిలువదు.

తమిళనాడులో విలుప్పురము, తిరువణ్ణామలై జిల్లాల చెరకు రైతులను 464 మందిని పరీక్షించి 2013లో ప్రకటించిన పరిశోధన దీనికి సాక్ష్యము. కోతకు ముందు, సొమ్ము కరవైన దినములలో, వారి ఆలోచనాశక్తి మందగించినది. కోత ముగిసి సొమ్ము చేరిన పిదప ఆ రైతులే ఆ పరీక్షలయందు మెరుగుపడిరి. మనుష్యులు మారలేదు, వారి యిక్కట్టు మారినది. కెన్యా దేశపు రైతులనుగూర్చి 2011లో ప్రకటింపబడిన పరిశోధన మరియొకటి. పంట చేతికి వచ్చిన వెంటనే, కొద్ది గడువు పెట్టి, ఎరువును ఉచితముగా ఇంటికి చేర్తుమనగా దానిని వాడినవారు హెచ్చిరి. అదునువేళ ధరను బాగుగా తగ్గించినప్పుడు కలిగిన ఫలితముతో అది సాటివచ్చెను.

కావున అదును తప్పునను భయమున రైతు అప్పుపై కొన్న ఎరువునుగాని, కళ్ళములోనే తెగనమ్మిన ధాన్యమునుగాని చూపి, “ఇది అతని యిష్టము” అనుట తగదు. సంఘము విత్తనములకును, ఎరువులకును సభ్యుల కోర్కెలను కోతకాలముననే వ్రాయించుకొని, సొమ్ము అప్పుడే జమకట్టించుకొనవలెను. ఋణదాతలు కళ్ళముకడనే నిలిచియుండగా సొమ్మెక్కడిదని కొందరనవచ్చును. పూర్తి సొమ్ము కుదరనిచో, ఒక్క బస్తా ఎరువు వెలయైనను ముందుగా కట్టుట మేలు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తేవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.