వేట విరామంలో మోకాళ్లకు ఆరు వారాలు

మోకాలి నొప్పితో వచ్చినవారికి మన వైద్యులు తరచుగా చెప్పే మాట "గుజ్జు అరిగిపోయింది" అని. ఆ మాట విన్నవారు తమ కీలును అరిగిన బండి చక్రంతో పోల్చుకొంటారు. కదిలితే మరింత అరుగుతుందని భయపడి కూర్చుండిపోతారు. దానితో తొడ కండరాలు బలహీనపడతాయి, కీలుపై భారం పెరుగుతుంది, నొప్పి హెచ్చుతుంది. కీలు చక్రం వంటిది కాదు. మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కదలికవల్లనే కీలులోని ద్రవం నుండి దానికి పోషణ అందుతుంది.

అందుచేత చికిత్స అవగాహనతో మొదలుకావాలి. డెన్మార్క్‌లో 2013లో ప్రారంభమైన 'గ్లాడ్' కార్యక్రమం ఈ పనినే చేస్తున్నది. రెండు అవగాహన తరగతులు, ఆరు వారాలలో పన్నెండు వ్యాయామ తరగతులు. అంతే. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా కీళ్ల అరుగుదల ఉన్న ప్రతివారికీ వ్యాయామాన్ని సూచించాయి.

"జువ్వలదిన్నె రేవులో వలలు లాగే మనిషికి, చేపల తట్ట నెత్తిన మోసే ఆడమనిషికి వేరే వ్యాయామం ఎందుకు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే శ్రమ వేరు, వ్యాయామం వేరు. శ్రమ మోకాలి ఓపికను చూసి ఆగదు. బరువును సరుకు నిర్ణయిస్తుంది. వ్యాయామంలో బరువును మీరే నిర్ణయించుకొని క్రమంగా పెంచుతారు. కుర్చీలోనుండి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకొని మడమలెత్తడం, పడుకొని కాలు చాచి పైకెత్తడం వంటివాటికి యంత్రాలు అక్కరలేదు. చేసేటప్పుడు కొద్దిపాటి నొప్పి కలిగితే భయం లేదు. మరునాటికి తగ్గకపోతే మోతాదు తగ్గించుకోవాలి. కీలు ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు బిగుసుకుపోయినా వైద్యుని చూడాలి.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మర, మోటారు పడవల వేట నిషేధం. ఆరు వారాలంటే 42 రోజులే. రేవులో పని తగ్గే ఆ కాలంలో తుపాను షెల్టరులోనో, గ్రామ ఆరోగ్య కేంద్రం వరండాలోనో ఉదయంపూట ఈ తరగతులు జరపవచ్చు. ఒక ఫిజియోథెరపిస్టు మొదట నేర్పితే, గ్రామ ఆరోగ్య కేంద్రంలోని ఎంఎల్‌హెచ్‌పీ కొనసాగించగలరు. పేర్లు నమోదు చేసి, మొదటి రోజునా చివరి రోజునా అర నిమిషంలో ఎన్నిసార్లు కుర్చీ నుండి లేవగలిగారో లెక్కవేస్తే ఫలితం ఎవరికివారికే తెలుస్తుంది.

2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్ల ధరలకు పరిమితి విధించింది. అది మంచి పని. కాని శస్త్రచికిత్సకు ముందున్న మెట్టు మన గ్రామాలలో నేటికీ ఖాళీగానే ఉన్నది. తీవ్రంగా దెబ్బతిన్న కీలుకు శస్త్రచికిత్స తప్పకపోవచ్చు. తక్కినవారిని ఆ రోజు వచ్చేవరకు నొప్పి మాత్రలతో నెట్టుకురమ్మనడం న్యాయం కాదు. ఎక్కువకాలం వాడితే ఆ మాత్రలు కడుపును, మూత్రపిండాలను దెబ్బతీయగలవు.

రాబోయే వేట విరామానికి ముందే మీ ఆరోగ్య కేంద్రంలో ఈ తరగతులు కోరండి. అడిగేవారు పదిమంది ఉంటే కుర్చీలు వాటంతటవే సమకూరుతాయి.